గలీబు ఖాళీ అయ్యేదాకా

అక్టోబర్ 17, బుధవారం

పొద్దున గడ్డి మీద మంచు. ఇళ్ళు వెచ్చబెట్టే ఫర్నేసుల రిపేర్ల సీజను మొదలైంది. రెండు ఇళ్ళు చూశాను. ఒకచోట ఫిల్టరు మార్చి ఎన్నేళ్ళయిందో ఇంటివాళ్ళకే తెలీదు. బయటికి తీస్తే పిల్లి బొచ్చు చాపలా వచ్చింది.

సాయంత్రం పిల్లలు వచ్చారు. బుధవారాలు నావి. ఏమస్ రాగానే నేలమీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. కింద లాండ్రీలో మెషీన్లు తిరుగుతుంటే నేల గుర్రుమంటుంది. వాడికి అదిష్టం. ఆరేళ్ళవాడు. బ్రైడీకి పదేళ్ళు. అది కోటు విప్పలేదు.

"ఇక్కడంతా సబ్బు వాసన," అంది.

"కింద లాండ్రీ కదా."

"తెలుసు. వాసనొస్తోందని చెప్తున్నా, అంతే."

గుడ్లు వేయించి పెట్టాను. సగం తింది. వచ్చే బుధవారం బ్యాండ్ ప్రాక్టీసు ఉందట, రాలేనంది.

ఆగస్టు ఆఖరు నుంచి ఇక్కడే ఉంటున్నాను. తాత్కాలికం.


అక్టోబర్ 24, బుధవారం

ఏమస్ ఒక్కడే వచ్చాడు. రాత్రి భోజనం అయ్యాక వాణ్ణి వాళ్ళమ్మ లోర్నా దగ్గర దింపడానికి వెళితే వరండాలో బ్రైడీ క్లారినెట్ పెట్టె కనిపించింది. పైన దాని గదిలో దీపం వెలుగుతోంది. ప్రాక్టీసు త్వరగా అయిపోయి ఉంటుంది.


అక్టోబర్ 26, శుక్రవారం

లోర్నా ఫోన్ చేసింది.

"ఈసారి హాలోవీన్ బుధవారం పడింది. నీ వంతు. చెప్పేది విను."

"వింటున్నాను."

"నువ్వు చూడకుండా ఒక్క చాక్లెట్ కూడా నోట్లో పెట్టుకోకూడదు. కాగితం చిరిగినవీ, ఇంట్లో చేసి చుట్టినవీ పారెయ్. చెరో పది ఏరుకోమను. మిగతావన్నీ శుక్రవారం మా క్లినిక్‌కి తెచ్చెయ్. ఏటా లాగే డాక్టరు గారు సైనికులకు పంపిస్తున్నారు."

లోర్నా పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. సైనికుల పళ్ళు మాత్రం పుచ్చవా అని ఏటా అడిగేవాణ్ణి. ఏటా నవ్వేది. ఈసారి అడగలేదు.

"బ్రైడీ వస్తుందా?" అన్నాను.

"దాన్నే అడుగు," అంది.

అడగలేదు.


అక్టోబర్ 31, బుధవారం

బ్రైడీ వచ్చింది.

ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగింది. ఎనిమిదింటికి మళ్ళీ మోగేదాకా పిల్లలు ఊళ్ళో ఏ తలుపైనా తట్టి చాక్లెట్లు అడగొచ్చు. ఏమస్ ఫర్నేస్ వేషం కావాలన్నాడు. అట్టపెట్టెకు వెండిరంగు పూసి, ముందువైపు చిన్న తలుపు కోసి, లోపల ఎర్రదీపం పెట్టాను. దాంతో వాడు మెట్లు దిగలేకపోయాడు. ఎత్తి దించాను. బ్రైడీ జాలరి. పసుపుపచ్చ రెయిన్‌కోటు, ఉన్నితో అల్లిన గడ్డం. ఈ వీధుల్లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, కొంచెం నడిస్తే చాలు బోలెడన్ని చాక్లెట్లు. అందుకని వచ్చి ఉంటుంది. చెరో దిండుగలీబు పట్టుకున్నారు.

మిసెస్ జెలెంకా తన లాండ్రీ తలుపు ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో చాక్లెట్ల బేసిన్‌తో కూర్చుంది. నేనుండే గది కూడా ఆవిడదే.

"ఎవర్రా నువ్వు? ఫ్రిజ్జువా?"

"ఫర్నేసుని!"

"మరి వెచ్చగా లేవేంరా?"

"పాడైపోయాను."

"అయ్యో. మీ నాన్నను పిలువు మరి, బాగుచేస్తాడు."

"ఆయన బుధవారాలే దొరుకుతాడు," అంది బ్రైడీ గడ్డంలోంచి.

మిసెస్ జెలెంకా నావైపు చూసి, దాని గలీబులో రెండు గుప్పిళ్ళు పోసింది.

ఎనిమిదింటికి పైకి వచ్చాం. బల్ల మీద కుమ్మరించారు. దీపం కింద ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఇది ఏటా లోర్నా చేసే పని. నేను పక్కన నిలబడి నాన్న వాటా అడిగేవాణ్ణి. మొక్కజొన్న గింజల్లా ఉండే తీపిబిళ్ళలు ఎవరికీ వద్దు. అవన్నీ నా వాటాలో పడేవి. ఈసారీ పడ్డాయి.

తర్వాత వాళ్ళ బేరాలు.

"ఒక లాలీపాప్‌కి రెండు కొబ్బరివి ఇవ్వు," అంది బ్రైడీ.

"రెండెందుకు?"

"లాలీపాప్ ఎక్కువసేపు వస్తుంది కాబట్టి."

"నేను కొరికేస్తాగా."

"అది నీ తప్పు."

"నాన్నా, అక్క మోసం చేస్తోంది!"

"నచ్చకపోతే మానెయ్రా. బలవంతమేం లేదు."

వాడు రెండూ ఇచ్చేశాడు. ఇచ్చాక లాలీపాప్ ఎరుపుది కాదని ఏడ్చాడు. అది మార్చి ఎరుపుది ఇచ్చింది.

"పదేసి ఏరుకోండి. మిగతావి అమ్మ క్లినిక్‌కి," అన్నాను.

బ్రైడీ గడ్డం తీసింది. "అది అమ్మ ఇంట్లో రూలు. ఇక్కడ నీ రూలు ఏంటి?"

నా వాటా తీపిబిళ్ళలు పక్కకు జరిపాను.

"ఇక్కడే ఉంచేద్దాం అన్నీ," అంది.

"ఇవన్నీ అయిపోవాలంటే ఎన్ని రోజులు?" అన్నాడు ఏమస్.

"చాలా రోజులు."

"అప్పటికి నువ్వు ఇంటికొచ్చేస్తావా?"

"ఈ గలీబు ఖాళీ అయ్యేసరికి వచ్చేస్తాలే," అన్నాను. వాడికి నిద్ర ముంచుకొస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా.

బ్రైడీ తలెత్తింది. "నిజంగానా?"

"ఆఁ."

రెండు గలీబుల్లోవీ ఒకదాంట్లో పోసి, ముడివేసి ఫ్రిజ్ మీద పెట్టాను. పిల్లల్ని దింపి వచ్చాను.


నవంబర్ 2, శుక్రవారం

లోర్నా ఫోన్. "తేలేదేం?"

"మర్చిపోయాను."

"నువ్వా? ఏ మర ఏ డబ్బాలో పడేశావో పదేళ్ళ తర్వాత అడిగినా చెప్తావు. మర్చిపోయావా?"

"పని ఎక్కువగా ఉంది."

"సరే. సోమవారం దాకా తీసుకుంటాం."


నవంబర్ 5, సోమవారం

చలి. మూడు ఇళ్ళు. క్లినిక్ వైపు దారి పడలేదు.


నవంబర్ 7, బుధవారం

బ్రైడీ మళ్ళీ వచ్చింది. ప్రాక్టీసు లేదా అని అడగలేదు.

వచ్చీ రాగానే కుర్చీ ఎక్కి గలీబు దించింది. చెరో మూడు అన్నాను. నేను పొయ్యి దగ్గరికి తిరిగేసరికి మూడు దాటిపోయాయి. ఏమస్ బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను. వెళ్ళేటప్పుడు బ్రైడీ జేబులు కూడా నింపుకుంది.

"మళ్ళీ బుధవారం వస్తాం," అంది. తనంతట తనే అంది.

దింపి వచ్చాక గలీబు చూశాను. బాగా దిగిపోయింది. ఈ లెక్కన ఇంకో రెండు బుధవారాలు వస్తుందేమో.

చాక్లెట్ల కోసమైతేనేం. వచ్చారు కదా.


నవంబర్ 9, శుక్రవారం

వాన. బాయిలర్ ఒకటి విప్పి బిగించాను. దారిలో మందుల షాపులో హాలోవీన్‌కి మిగిలిన చాక్లెట్లు సగం ధరకు పెట్టారు. రెండు సంచులు తెచ్చి గలీబులో పోశాను. అడుగునున్నవి పైకి వచ్చేలా కలిపాను.

అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్ళేటప్పటికి ఖాళీ సంచులు చేతిలోనే ఉన్నాయి. మిసెస్ జెలెంకా చూసింది.

"మా ఆయన పిల్లలు బడికెళ్ళాక వాళ్ళ చాక్లెట్లు దొంగిలించి, నా మీద పెట్టేవాడు. మా అమ్మయితే ఎక్కడ దాచిందో తనే మర్చిపోయేది, ఈస్టరుకు దొరికేవి. దొంగచాటుగా తెచ్చి పోసే తండ్రిని నిన్నే చూస్తున్నానయ్యా."

"వాళ్ళకివంటే ఇష్టం."

"నాకు చెప్తున్నావా?"


నవంబర్ 12, సోమవారం

రాయడానికేం లేదు.


నవంబర్ 14, బుధవారం

ఇద్దరూ వచ్చారు. బ్రైడీ ముడి విప్పి లోపలికి చాలాసేపు చూసింది.

"తగ్గలేదేంటి?"

"మీరు తినేది అంతంత మాత్రం కదా," అన్నాను.

అది గలీబు బల్ల మీదికి లాగింది. ఏమస్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"తినరా."

"తిన్నాగా."

"ఇంకోటి తిను."

"అక్కా, పొట్టలో చోటు లేదు."

"అయితే చిన్నది తిను. చిన్నదానికి ఎప్పుడూ చోటుంటుంది."

అదీ తింటోంది. వేరుశనగలవి దానికి నచ్చవు, ముందునుంచీ నచ్చవు. ముక్కు మూసుకుని తింటోంది. గుడ్లు ముట్టలేదు. తీపికి అలవాటు పడ్డట్టుంది.

వెళ్ళేముందు, "ఆదివారం కూడా రావచ్చా?" అంది.

రావచ్చన్నాను.

వ్యాన్ తిప్పుకుని వస్తుంటే రేడియో పెట్టుకున్నాను. ఈ మధ్య పెట్టుకోలేదు.


నవంబర్ 16, శుక్రవారం

మందుల షాపులో అయిపోయాయి. పక్క ఊరు వెళ్ళి తెచ్చాను. ఆకుపచ్చ కాగితంలో పుదీనావి మాత్రమే దొరికాయి. ఆదివారం ఇద్దరూ వస్తారు కాబట్టి కాస్త ఎక్కువే పోశాను.


నవంబర్ 18, ఆదివారం

గలీబు చూసి బ్రైడీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏమైందంటే ఏం లేదంది. పది నిమిషాలు బాత్రూంలోంచి రాలేదు. వచ్చాక మళ్ళీ తినడానికి కూర్చుంది.

దింపడానికి వెళుతుంటే వ్యాన్‌లో ఏమస్ వాంతి చేసుకున్నాడు. సీటంతా ఆకుపచ్చ.

"సారీ అక్కా," అన్నాడు. నాకు కాదు, అక్కకు.


నవంబర్ 19, సోమవారం

మధ్యాహ్నం లోర్నా వచ్చింది. క్లినిక్ బట్టల్లోనే ఉంది. ఈ గదికి రావడం ఇదే మొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు.

"వాడు రాత్రంతా కక్కాడు. చాక్లెట్లు ఇంకా ఇక్కడే ఉన్నాయా?"

ఫ్రిజ్ మీద గలీబు చూపించాను. దించి, బరువు చూసింది.

"ఇరవై రోజులైంది. ఇంకా నిండుగా ఉందేంటి?"

"కొంచెం పోశాను."

"పోశావా?"

"మధ్య మధ్యలో."

గలీబు బల్ల మీద పెట్టింది. "ఓరిన్, వాడు నాతో ఏమన్నాడో తెలుసా? ఇది ఖాళీ చేస్తే నాన్న ఇంటికొస్తాడట. అక్క చెప్పిందట. అందుకే కడుపు నొప్పి అని కూడా చెప్పకుండా తిన్నాడట. వాళ్ళు తోడుతుంటే నువ్వు పోస్తున్నావు."

కింద ఏదో మెషీన్‌లో బట్టలన్నీ ఒక పక్కకు చేరి, అది దడదడా కొట్టుకుంటోంది.

"వస్తున్నావా?" అంది. "నాతో చెప్పకుండా వాళ్ళకు మాటిచ్చావంటే అడుగుతున్నా. వస్తున్నావా?"

"లేదు."

"రమ్మని నేనూ అనను. నీకు తెలుసు."

"తెలుసు."

"అయితే వాళ్ళకు చెప్పు. నాన్న రాలేదేమని వాళ్ళడిగితే, ఎక్కడో కుళాయి కారుతోందనీ, పైపు పగిలిందనీ ఇన్నాళ్ళూ నీ తరఫున నేను అబద్ధాలాడాను. ఇక నావల్ల కాదు. బుధవారం నువ్వే చెప్పు. చెప్తే బ్రైడీ మళ్ళీ నీ మొహం చూడదేమోనని నీ భయం. చూడకపోవచ్చు కూడా. అయినా చెప్పాలి."

మెట్లు దిగబోతూ ఆగి, "వేరుశనగలవి కూడా తిన్నదా?" అంది.

తిన్నదన్నాను.

కాగితాల మీద సంతకాలు సెప్టెంబరులోనే అయిపోయాయి. ఇక్కడ రాయలేదు. ఆ రోజు పేజీ తీసి చూశాను. "ఎండ. స్కూల్లో బాయిలర్ పరీక్ష" అని ఉంది.


నవంబర్ 21, బుధవారం

నిన్న గలీబులోవన్నీ అట్టపెట్టెలో పోసి క్లినిక్‌లో ఇచ్చి వచ్చాను. సైనికులకు వెళ్ళాల్సినవి ఎప్పుడో వెళ్ళిపోయాయట. కౌంటర్లో అమ్మాయి ఏం చెయ్యాలో తెలీక తీసుకుంది. గలీబు లోర్నాది. తిరిగిచ్చేద్దామని ఉతికి, మడిచి బల్ల మీద పెట్టాను.

అక్కడే తప్పు చేశాను.

సాయంత్రం పిల్లలు ముందు పైకి పరుగెత్తారు. మిసెస్ జెలెంకా బట్టలారబెట్టే మెషీన్ ఒకటి వేడెక్కడం లేదని నన్ను ఆపింది. చూసి పైకి వెళ్ళేసరికి అల్మారా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నా చొక్కాలు సోఫా మీద ఉన్నాయి. బ్రైడీ ఒక్కోటీ మడుస్తోంది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఏమస్ నా బూట్లు రెండూ గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

"ఖాళీ అయిపోయింది నాన్నా!" అన్నాడు.

"కింద అడిగితే ఆవిడ పెట్టెలిస్తుందా?" అంది బ్రైడీ. "రెండు చాలు. నీకసలు సామానే లేదు."

అల్మారా తలుపులు మూశాను.

"నేను ఇంటికి రావడం లేదు," అన్నాను. "ఈ వారం కాదు, తర్వాత కూడా కాదు. అమ్మా నేనూ విడిపోయాం. సెప్టెంబరులోనే అయిపోయింది. మీతో చెప్పలేదు."

ఏమస్ బూట్లు వదల్లేదు.

"నువ్వన్నావు," అంది బ్రైడీ.

"అన్నాను. అబద్ధమాడాను."

"అందులో పోసింది నువ్వే. ఆ ఆకుపచ్చవి ఈ వీధుల్లో ఎవరూ ఇవ్వలేదు. ఎవరేమిచ్చారో నాకు తెలుసు. మేం ఎంత తిన్నా మళ్ళీ వస్తున్నాయి. నువ్వు రాకుండా ఉండటానికే పోశావు."

"మీరు వస్తూ ఉండాలని పోశాను."

అది చేతిలో చొక్కాతో అలాగే నిలబడింది.

"మేం చాక్లెట్ల కోసం వస్తున్నామనుకున్నావా?"

అవునన్నాను.

చొక్కా సోఫా మీద పడేసింది. కోటు వేసుకుని, మెడదాకా జిప్పు లాగింది. "నన్ను దింపెయ్," అంది.

దింపాను. వ్యాన్‌లో ఏమస్ ఒక్కడే మాట్లాడాడు. "అయితే నేను ఊరికే కక్కానా?" అన్నాడు.

చొక్కాలు నేనే సర్దుకున్నాను.


నవంబర్ 22, గురువారం

థ్యాంక్స్‌గివింగ్. సెలవు. మిసెస్ జెలెంకా పళ్ళెం నిండా టర్కీ, క్యాబేజీ పెట్టి పంపింది. పళ్ళెం కడిగి ఇచ్చాను.


నవంబర్ 24, శనివారం

ఒక ఇల్లు.


నవంబర్ 28, బుధవారం

ఏమస్ ఒక్కడే వచ్చాడు.

"అక్క రానంది. నీ మొహం కూడా చూడనంది," అన్నాడు. కోటు విప్పుతూ, "అది చెప్పమనలేదు. నేనే చెప్తున్నా," అన్నాడు.

"మంచిదే."

"నీకు కోపం రాలేదా?"

"లేదు."

"నాకొచ్చింది. నీ మీద."

"ఇప్పుడు కూడా ఉందా?"

ఆలోచించాడు. "కొంచెం," అన్నాడు. నేలమీద పడుకుని చెవి ఆనించాడు. నేనూ పక్కన పడుకుని చెవి ఆనించాను. పైకి వినిపించే దానికన్నా పెద్ద చప్పుడు.


డిసెంబర్ 2, ఆదివారం

ఫోన్ తీసి పెట్టేసి, మళ్ళీ తీసి చేశాను. లోర్నా ఎత్తింది. బ్రైడీని పిలవమన్నాను. చాలాసేపటికి వచ్చింది.

"ఏంటి?"

"బుధవారం నాలుగింటికి మీ ఇంటి ముందు ఉంటాను."

"ఎలాగూ ఏమస్ కోసం వస్తావుగా."

"ఏమస్ రాకపోయినా ఉంటాను. నువ్వు రాకపోయినా ఉంటాను."

"ఎన్నాళ్ళు?"

"ప్రతి బుధవారం."

"ఇలాగే అంటావు."

"అవును. ఈసారి చూసుకో."

పెట్టేసింది.


డిసెంబర్ 5, బుధవారం

మంచు పడుతోంది. వ్యాన్ ఇంటి ముందు ఆపాను. ఏమస్ పరుగెత్తుకొచ్చి ముందు సీటెక్కాడు. ఇంకాసేపు చూద్దామని వ్యాన్ కదపలేదు. తలుపు తెరుచుకుంది. బ్రైడీ వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

పైకి వచ్చాక గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"జనవరి నుంచి రాత్రిళ్ళు కూడా ఇక్కడుండాలట. అమ్మ చెప్పింది."

"నెలకు రెండుసార్లు."

"ఈ సోఫా మీద పడుకోను. వాడు తంతాడు."

"నేనెప్పుడు తన్నాను?" అన్నాడు ఏమస్.

"నిద్రలో తంతావు. నీకెలా తెలుస్తుంది?"

"మంచం తెస్తాను," అన్నాను.

"ఎక్కడ వేస్తావు?"

హీటర్ పక్క గోడ చూపించాను. అటు చూడనైనా చూడలేదు. వీధి వైపు కిటికీ దగ్గరికి వెళ్ళి, నేలమీద పాదంతో గీత గీసినట్టు చూపించింది.

"ఇక్కడ."

"కిటికీ దగ్గర చలి ఎక్కువ," అన్నాను.

"తెలుసు," అంది.